ఫుట్‌పాత్ మీద ఉండే కుటుంబాల పసిపిల్లలకు పగటిపూట కేంద్రం: ఆయమ్మల జీతానికి నెలనెలా డబ్బు ఎట్లా?

లీలామహల్ సర్కిల్
జూన్ 8, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. ఇక్కడ రోజూ చదువుతాను గానీ ఎప్పుడూ రాయలేదు. తిరుపతి బస్టాండ్ దగ్గర మెడికల్ షాపులో పదకొండేళ్ళుగా పని చేస్తున్నాను. ఉదయం ఆరింటికి షట్టర్ ఎత్తేసరికి ఎదురుగా ఫుట్‌పాత్ మీద ఒకామె పూలు కడుతూ ఉంటుంది. ఆమెకు ఏడాదిన్నర పాప. నడక కొత్తగా వచ్చింది. పాత చీర పేలిక ఒక కొస పాప నడుముకు కట్టి, రెండో కొస రోడ్డు పక్క ఇనుప కమ్మీకి ముడి వేస్తుంది. నాలుగు అడుగుల పేలిక. అంతకంటే వదిలితే పాప బస్సుల కిందికి పోతుంది.

మొదటిసారి చూసినప్పుడు కోపం వచ్చి వెళ్ళి అడిగాను. "యాడ పెట్టేది సామీ బిడ్డను? నువ్వు చెప్పు, ఆడ పెడతా" అంది. నా దగ్గర జవాబు లేదు.

పోయిన వారం ఇంకొకామె వచ్చింది. స్టేషన్ వైపు ఉంటారు వాళ్ళు. వారంలో మూడోసారి పిల్లల దగ్గు మందు అడిగింది. బిడ్డకు దగ్గు లేదు. అది పోస్తే పడుకుంటాడు, అప్పుడు తను కొండకొచ్చే వాళ్ళకు బొమ్మలు అమ్ముకోవచ్చు. ఇవ్వనని చెప్పాను, ఎందుకు ఇవ్వకూడదో కూడా చెప్పాను. ఆమె తల ఊపి పక్క షాపుకి వెళ్ళింది. ఆ రోజు నుంచి మనసు మనసులో లేదు.

మేము పది మంది స్నేహితులం, నెలకు ఎంతో కొంత వేసుకోగలం. అన్నదానం అంటే ఈ ఊళ్ళో డబ్బు వెంటనే పోగవుతుంది. ఇంటి నీడ లేని వాళ్ళ బిడ్డను పగలంతా చూసుకునే మనిషికి జీతం ఇవ్వాలంటే ఎవరిని కలవాలో కూడా తెలియడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

రేణిగుంట జంక్షన్
జూన్ 8, రాత్రి 11:20

అన్నా, స్టేషన్ బయట కూడా ఇదే. యాత్రికుల వసతి గృహం విష్ణు నివాసం ఎదురుగా రాత్రి పదకొండు తర్వాత చూడండి, యాత్రికులు ఎవరో, అక్కడే ఉండేవాళ్ళు ఎవరో తెలియదు. తెల్లారితే యాత్రికులు కొండెక్కుతారు, వీళ్ళు మిగిలిపోతారు. నేను నెలకు 500 వేస్తాను. ఎక్కడ వేయాలో చెప్పండి చాలు.

పులిచెర్ల
జూన్ 9, ఉదయం 7:05

మంచి ఉద్దేశమే, కాదనను. కానీ ఒక మాట అడగాలి. తిరుపతిలో దేవస్థానం వాళ్ళ బాలమందిరం 1943 నుంచి ఉంది. దానికి ప్రత్యేకంగా ట్రస్టు ఉంది, దాతలు ఉన్నారు. ప్రభుత్వ హాస్టళ్ళు ఉన్నాయి. అంగన్‌వాడీలు ప్రతి వార్డులో ఉన్నాయి. పిల్లల్ని అక్కడ చేర్పిస్తే పోయే దానికి కొత్తగా ఇంకో కేంద్రం ఎందుకు? ఫుట్‌పాత్ పక్కనే కేంద్రం పెడితే వాళ్ళు ఫుట్‌పాత్ మీదే ఉండిపోతారేమో కదా. చంటిబిడ్డను చూపించి అడుక్కునే వాళ్ళు కూడా ఉన్నారు, అది కూడా మనం చూస్తున్నాం. పనికి అడ్డం పడాలని కాదు, తెలుసుకోవాలనే అడుగుతున్నాను.

కోనేటి గట్టు
జూన్ 9, ఉదయం 9:48

పులిచెర్ల గారూ, మీరు అడిగింది సరైన ప్రశ్న. మూడేళ్ళు ఇలాంటి కేంద్రం లెక్కలు చూశాను కాబట్టి చెప్తాను. కొంచెం పొడుగు అవుతుంది, ఓపిక పట్టండి.

బాలమందిరం తల్లిదండ్రులు లేని, ఆదరణ లేని పిల్లల కోసం. ఈ పిల్లలకు అమ్మ ఉంది. చాలామందికి నాన్న కూడా ఉన్నాడు, మార్కెట్లో మూటలు మోస్తాడు, లేదా అడ్డా మీద కూలికి నిలబడతాడు. వాళ్ళకు లేనిది ఇల్లు. ఇల్లు లేదు కాబట్టి బిడ్డను వదిలి వెళ్ళడానికి నాలుగు గోడలు లేవు, తలుపు లేదు, చూసుకునే అవ్వ లేదు. ఏడాదిన్నర బిడ్డను తల్లి నుంచి విడదీసి ఎక్కడో హాస్టల్లో పెట్టడం సాయం ఎలా అవుతుంది? 2015 బాలల న్యాయ చట్టం కూడా పిల్లల్ని సంస్థలో ఉంచడం ఆఖరి మార్గమనే చెబుతుంది. పొద్దున తీసుకుని సాయంత్రం తల్లి చేతికి ఇచ్చే చోటు కావాలి. అంతే.

చంటిబిడ్డను చూపించి అడుక్కోవడం గురించి: బిడ్డను పెట్టే చోటు లేనప్పుడు ఆమె ఏ పని చేసినా బిడ్డ చంకలోనే ఉంటుంది. పూలు కట్టినా ఉంటుంది, చెత్త ఏరినా ఉంటుంది, అడుక్కున్నా ఉంటుంది. మా కేంద్రంలో పిల్లల్ని వదిలిన తల్లుల్లో ఇద్దరు ఆరు నెలల్లో లాడ్జీల్లో పనికి కుదిరారు. ఒకామె జీవకోన వైపు చిన్న గది అద్దెకు తీసుకుంది. చేతులు ఖాళీ అయితే పని దొరుకుతుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. మా దగ్గర 18 మంది పిల్లలు, ఆరు నెలల నుంచి ఐదేళ్ళ వరకు. గోవిందరాజస్వామి గుడి వెనక వైపు పాత ఇల్లు, అద్దె 11,000. టీచర్‌కి 12,000. ఇద్దరు ఆయమ్మలకు 9,000 చొప్పున 18,000. తిండి ఒక్కో బిడ్డకు రోజుకు 40 రూపాయలు, పాలు, గుడ్డు, పప్పన్నం, సాయంత్రం రాగి జావ. నెలకు 26 రోజులు, అంటే 18,720. గ్యాసు, కరెంటు, సబ్బులు, ఫినాయిలు, గుడ్డలు కలిపి 4,500. మందులు, ఆటో ఖర్చులు 1,800. మొత్తం 66,020. ఒక్కో బిడ్డకు నెలకు సుమారు 3,670, రోజుకు 141 రూపాయలు.

ఇందులో తిండికి ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. పుట్టినరోజు అని, వర్ధంతి అని, మొక్కుబడి అని ఎవరో ఒకరు వచ్చి బియ్యం ఇచ్చేవారు. ఒక్కో రోజు మూడు కేకులు వచ్చేవి. బ్యాగులు, పలకలు అల్మారా నిండా ఉండేవి. ఒక దాత చలువరాతి పలక మీద తండ్రి పేరు చెక్కించి గోడకు పెట్టిస్తానన్నారు. ఆయమ్మ జీతం ఇవ్వండి అని అడిగితే, "జీతాలకు మేము ఇవ్వం, పిల్లలకే నేరుగా ఇస్తాం" అనేవారు. పసిబిడ్డకు నేరుగా అందేది ఆయమ్మ చేతులే. ఆ మాట నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

మూడో ఏడు వేసవిలో నాలుగు నెలలు జీతాలు ఆలస్యం అయ్యాయి. ఒక ఆయమ్మ వెళ్ళిపోయింది. నెల తిరిగేలోపు రెండో ఆమె కూడా. తలుపు మూసిన రోజు అల్మారాలో ఇంకా 60 కొత్త బ్యాగులు ఉన్నాయి.

కొర్లగుంట టీచర్
జూన్ 9, మధ్యాహ్నం 1:15

నేను అంగన్‌వాడీలో పని చేస్తాను. మా గురించి కూడా చెప్పాలి కాబట్టి రాస్తున్నాను.

1975 అక్టోబర్ 2న అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైనప్పటి నుంచి ఆరు నెలల నుంచి ఆరేళ్ళ పిల్లలు, గర్భిణులు, బాలింతలు మా పరిధిలో ఉన్నారు. కానీ రోజంతా కేంద్రంలో కూర్చోబెట్టి చదువు చెప్పేది మూడేళ్ళు నిండిన వాళ్ళకే. మూడేళ్ళ లోపు వాళ్ళకు బాలామృతం అనే పోషకాహార పొడి ప్యాకెట్ ఇంటికి ఇస్తాం. ఇల్లే లేనప్పుడు "ఇంటికి" అంటే ఏమిటో మీరే చెప్పండి. వాళ్ళకు పొయ్యి కూడా ఉండదు, కలిపి తినిపించడానికి శుభ్రమైన నీళ్ళు ఉండవు. మేము సాయంత్రం నాలుగింటికి మూసేస్తాం. పూలామె బేరం ఆరు తర్వాతే మొదలవుతుంది.

పేరు రాయించుకోవడం దగ్గర కూడా చిక్కు ఉంది. మేము పిల్లల పేర్లు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్‌లో తల్లి ఆధార్ అడుగుతుంది. సంచిలో పెట్టుకుని తిరిగేవాళ్ళకు వానలో తడిసో, దొంగతనంలోనో కాగితాలు పోతాయి. 2021 నవంబరు వానలకు మన ఊరు నీళ్ళలో మునిగినప్పుడు రోడ్డు మీద ఉండేవాళ్ళకు టీకా కార్డు కూడా మిగల్లేదు. అలాంటి పిల్లలకు నేను తిండి పెట్టకుండా పంపలేదు, కానీ ప్రతి ఒక్కరూ అలా చేస్తారని అనుకోలేం.

ఒక విషయం అందరూ గుర్తుపెట్టుకోండి. 2006 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది: ఏ బస్తీలో అయినా ఆరేళ్ళ లోపు పిల్లలు 40 మంది ఉండి అంగన్‌వాడీ లేకపోతే, అడిగిన మూడు నెలల్లోపు ఇవ్వాలి. బస్టాండ్, స్టేషన్, గుడి చుట్టూ కలిపి లెక్క తీస్తే 40 మంది రారా? ఇప్పటివరకు ఎవరూ లెక్క తీయలేదు. 2022 నుంచి మిషన్ శక్తి కింద పాల్నా అనే పథకం కూడా ఉంది, అంగన్‌వాడీలోనే క్రెష్, అంటే పసిపిల్లల్ని పగలు చూసుకునే చోటు, కలిపి నడపడానికి. చందాలు వసూలు చేయండి, మంచిదే. పక్కనే ఒక అర్జీ కూడా పెట్టండి.

రాయలచెరువు
జూన్ 9, రాత్రి 8:31

చార్టర్డ్ అకౌంటెంట్ ఆఫీసులో పని చేస్తున్నాను, చిన్న ట్రస్టుల లెక్కలు చూస్తాం. డబ్బు విషయంలో మొదటే తెలుసుకోవలసినవి కొన్ని చెప్తాను, తర్వాత గొడవలు రాకుండా.

స్నేహితులంతా ఒకరి ఖాతాలో వేసుకుని నడపకండి. పదిమందితో మొదలై వందమంది అయితే ఆ ఖాతా ఉన్న మనిషికే ఇబ్బంది. ఇప్పటికే 1961 ఆదాయపు పన్ను చట్టం కింద 12ఏ (సంస్థకు పన్ను మినహాయింపు), 80జి (దాతకు పన్ను రాయితీ) రిజిస్ట్రేషన్ ఉన్న ట్రస్టు ద్వారా చేయండి. 80జి కింద చాలా ట్రస్టులకు ఇచ్చిన దానిలో 50 శాతం ఆదాయం నుంచి తగ్గుతుంది, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే. నగదు 2,000 దాటితే ఆ మినహాయింపు రాదు. రసీదుతో పాటు ట్రస్టు ఇచ్చే 10బీఈ సర్టిఫికెట్ కూడా ఉండాలి.

ఇక పెద్ద దాతలు మూలధనం ఇస్తాం, వడ్డీతో నడుపుకోండి అంటారు. వినడానికి బాగుంటుంది. లెక్క వేయండి. ఒక్క టీచర్ జీతం 12,000 అంటే ఏడాదికి 1,44,000. 7 శాతం వడ్డీ అనుకున్నా దానికి 20 లక్షల పైన డిపాజిట్ ఉండాలి. అదే 500 చొప్పున నెలనెలా ఇచ్చేవాళ్ళు 24 మంది ఉంటే ఆ జీతం ఈ నెల నుంచే వస్తుంది. నా అనుభవంలో చిన్న సంస్థను నిలబెట్టేది ఈ 24 మందే.

సత్యవేడు
జూన్ 9, రాత్రి 9:10

శ్రీసిటీ పారిశ్రామికవాడలో ఒక కంపెనీలో పని చేస్తున్నా. మా దగ్గర సీఎస్ఆర్, అంటే కంపెనీ సామాజిక బాధ్యత నిధులు, చూసే మేడమ్‌ని అడిగి చెప్తాను. పెద్ద కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఇవ్వాలి కదా, అందులోనూ చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టంలోనే ఉంది. వస్తుందేమో.

రాయలచెరువు
జూన్ 9, రాత్రి 9:44

సత్యవేడు గారూ, తప్పకుండా అడగండి, కానీ రెండు విషయాలు చూసుకోండి. ఒకటి, కంపెనీ సొంతంగా పెట్టుకున్న సంస్థ కాకపోతే, అదే రకమైన పనిలో కనీసం మూడేళ్ళ అనుభవం ఉండాలి, సీఎస్ఆర్ డబ్బు తీసుకోవడానికి చేయించుకునే సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. కొత్తగా పుట్టిన సంస్థకు అది రాదు. రెండోది నాకు ఎప్పుడూ బాధగా ఉంటుంది. 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్‌లో "డే కేర్ కేంద్రాలు" అనే మాట ఉంది. కానీ అక్కడ చెప్పింది వృద్ధుల కోసం. అనాథలకు హోమ్‌లు అని ఉంది. అమ్మానాన్న ఉండి ఇల్లు లేని పసిబిడ్డకు పగటిపూట చోటు అని ఎక్కడా విడిగా లేదు. మనం దరఖాస్తులో పోషకాహార లోపం, ప్రీస్కూల్ చదువు, వెనకబడిన వర్గాల మధ్య అంతరం తగ్గించడం అనే అంశాల కింద రాసుకోవాలి. రాస్తే తీసుకుంటారు. నేను ఒకటి రాసి పెట్టాను, కావాలంటే పంపిస్తాను.

బోస్టన్‌లో చంద్రగిరి
జూన్ 10, ఉదయం 5:26

మాది చంద్రగిరి, పద్నాలుగేళ్ళుగా ఇక్కడ మసాచుసెట్స్‌లో ఉంటున్నాం. ఈ చర్చ చదివి నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఇక్కడ నేను చేసే పని కూడా ఇదే.

ఈ రాష్ట్రంలో 1983 నుంచి ఇల్లు లేని కుటుంబాలకు ఆశ్రయం ఇవ్వాలనే చట్టం ఉంది. అయినా ఆశ్రయ కేంద్రంలో పిల్లలకు ఆడుకునే చోటు ఉండేది కాదు. హొరైజన్స్ ఫర్ హోమ్‌లెస్ చిల్డ్రన్ అనే సంస్థ 1988 నుంచి ఆ పని చేస్తోంది. షెల్టర్లలో ఒక గదిని పిల్లల గదిగా మార్చి బొమ్మలు, పుస్తకాలు పెడతారు. వాలంటీర్లు వారానికి రెండు గంటలు వచ్చి పిల్లలతో కూర్చుంటారు. నేను వెళ్ళేది దానికే. దానికి విడిగా రోజంతా నడిచే కేంద్రం ఉంది. అక్కడ మాత్రం జీతాలు తీసుకునే, శిక్షణ పొందిన టీచర్లే ఉంటారు. వాలంటీర్లతో ఆడించవచ్చు గానీ, పసిబిడ్డ రోజంతా నమ్ముకునే మనిషి మారకూడదని అక్కడ గట్టిగా చెప్తారు.

కొర్లగుంట టీచర్ గారు చెప్పిన కాగితాల సమస్య ఇక్కడా ఉండేది. 2014లో పిల్లల సంరక్షణ నిధుల చట్టం మార్చినప్పుడు, ఇల్లు లేని కుటుంబాల పిల్లల్ని టీకా కాగితాలు లేకపోయినా ముందు చేర్చుకోవాలని, కాగితాలు తెచ్చుకోవడానికి కొంత గడువు ఇవ్వాలని పెట్టారు. ముందు బిడ్డ లోపలికి, తర్వాత కాగితం. మనం పెట్టుకునే కేంద్రంలో కూడా ఈ నియమం ఉంటే బాగుంటుంది.

నేను డబ్బు పంపాలనుకుంటున్నాను. ఎలా?

రాయలచెరువు
జూన్ 10, ఉదయం 8:02

అక్కా, మీకు భారత పాస్‌పోర్టు ఉంటే, మీ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం, భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, రూపాయల్లో ఇచ్చినా సరే, విదేశీ విరాళమే. ట్రస్టుకు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉండి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే అది రావాలి. అది లేకుండా ప్రేమతో పంపిన పదివేలు కూడా సంస్థను కష్టాల్లో పడేస్తాయి.

బోస్టన్‌లో చంద్రగిరి
జూన్ 10, ఉదయం 8:15

పౌరసత్వం తీసుకోలేదు. నెలకు 5,000 రాసుకోండి. మా అమ్మ చంద్రగిరిలోనే ఉంది, రసీదు ఆమెకు పంపితే చాలు.

జీవకోన అమ్మాయి
జూన్ 10, మధ్యాహ్నం 3:37

ఇది మా అమ్మ చెప్తుంటే నేను టైప్ చేస్తున్నాను. అమ్మ ఇలాంటి కేంద్రంలోనే రెండేళ్ళు ఆయమ్మగా చేసింది. ఏ కేంద్రమో రాయొద్దంది.

కొత్తగా వచ్చిన బిడ్డ అలవాటు పడటానికి పది, పదిహేను రోజులు పడుతుందట. మొదటి రెండు రోజులు ఏడవరు, అది చూసి కొత్తవాళ్ళు సంతోషపడతారు. అది భయమే గానీ అలవాటు కాదు అంటుంది అమ్మ. మూడో రోజు నుంచి ఏడుస్తారు, అప్పుడు ఎత్తుకుని తిరగాలి. రోడ్డు మీద పెరిగిన పిల్లలు నిశ్శబ్దంగా ఉండే గదిలో నిద్రపోరు. బస్సు హారన్లు, మైకులు అలవాటు కదా. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేకపోతే ఉలిక్కిపడి లేస్తారు. అమ్మ పాత రేడియో తెచ్చి, స్టేషన్ సరిగ్గా పట్టకుండా గరగరమనేట్టు పెట్టి పడుకోబెట్టేది. ఇలాంటివి ఎవరూ నేర్పరు, ఆ పిల్లలతో ఉంటేనే తెలుస్తాయి. ఆయమ్మ మారితే ఆ పదిహేను రోజులు మళ్ళీ మొదటి నుంచి.

అమ్మ ఎందుకు మానేసింది అంటే మూడు నెలలు జీతం రాలేదు. రెండు నెలలు ఊరికే పని చేసింది. మూడో నెల నా కాలేజీ ఫీజు కట్టాల్సి వచ్చింది. ఇప్పుడు లాడ్జిలో గదులు తుడుస్తుంది, 10,500 ఇస్తారు. దారిలో ఒక బాబు ఆమెను చూసి "ఆయా" అని పరుగెత్తుకుంటూ వచ్చాడట, రోడ్డు దాటి. ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం తినలేదు.

పైన 9,000 అని రాశారు. ఆ డబ్బుకి ఎవరూ నిలబడరు అని అమ్మ చెప్పమంది. పిల్లల్ని చూసుకోవడం తెలిసినవాళ్ళు ఉన్నారు, కానీ వాళ్ళకూ ఇంటి అద్దె ఉంది.

లీలామహల్ సర్కిల్
జూన్ 10, రాత్రి 10:30

అమ్మకు నా నమస్కారం చెప్పు తల్లీ.

ఈ రోజు ఆ పూలామెతో చాలాసేపు మాట్లాడాను. ఏ సమయానికి కేంద్రం ఉంటే బిడ్డను వదులుతావు అని అడిగాను. పూల మార్కెట్‌కి నాలుగింటికే పోతుంది, ఆరింటికి బిడ్డను తీసుకుంటే చాలు, రాత్రి ఎనిమిది దాకా ఉంచుకోగలిగితే ఇంకా మంచిది అంది. అంటే ఇద్దరు ఆయమ్మలతో కాదు, రెండు పూటలకు ముగ్గురు కావాలి. ఇంకో మాట అడిగింది. "తలుపు మూసేస్తారా మళ్ళా?" అని. ఇంతకు ముందు ఎక్కడో ఒకచోట పెద్ద కొడుకును వదిలేదట, ఒకరోజు పోతే తాళం ఉందట.

కోనేటి గట్టు
జూన్ 11, ఉదయం 10:12

ఆ మాట చదివాక రెండు గంటలు ఏమీ రాయలేకపోయాను. ఆ తాళం మాదే అయి ఉండవచ్చు.

మా కేంద్రాన్ని నడిపిన ట్రస్టు వాళ్ళతో నిన్న సాయంత్రం మాట్లాడాను. ఇల్లు ఇంకా ఖాళీగానే ఉంది. అద్దె, టీచర్ జీతం పాత దాతలతో వాళ్ళు చూసుకుంటారు. తిండికి ఢోకా లేదు. ఆయమ్మల జీతాలకు మాత్రం ఎవరైనా పూచీ పడాలి. ఒక్కొక్కరికి 11,000 అనుకుంటే ముగ్గురికి 33,000. 500 చొప్పున 66 మంది. మొదట ఇద్దరితో మొదలుపెట్టి పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఐదు దాకా నడపొచ్చు, అప్పుడు 22,000, 44 మంది చాలు. పూలామెకు అది పూర్తిగా సరిపోదని తెలుసు. మూడో ఆయమ్మ కుదిరిన నెల నుంచి సమయం పెంచుదాం.

ఒక షరతు నేను పెడుతున్నాను, దాని మీద ఎవరితోనైనా వాదిస్తాను. ఇద్దరి ఆరు నెలల జీతం, అంటే 1,32,000, బ్యాంకులో వేరే ఉంచిన తర్వాతే తలుపు తీద్దాం. ఆ డబ్బును వేరే దేనికీ తాకకూడదు. చందాలు తగ్గిన నెల దాని నుంచి జీతం పోవాలి, ఆ లోపు మనం మనుషుల్ని వెతుక్కోవాలి. రెండు నెలలు ఆలస్యంగా తెరిచినా పరవాలేదు.

పులిచెర్ల
జూన్ 11, మధ్యాహ్నం 12:40

నా మొదటి మాటల్లో కొన్ని వెనక్కి తీసుకుంటున్నాను. హాస్టల్లో వేయమని అన్నది ఆలోచించకుండా అన్నాను.

అయినా ఒకటి అడుగుతాను. ప్రతి నెలా వచ్చింది ఎంత, ఏ ఆయమ్మకు ఏ తేదీన జీతం పడింది, ఎంతమంది పిల్లలు ఎన్ని రోజులు వచ్చారు, ఈ మూడూ ఇక్కడే ఐదో తేదీ లోపు పెట్టాలి. పిల్లల ఫొటోలు వద్దు. వాళ్ళ తల్లుల పరువు వాళ్ళది. ఇది ఒప్పుకుంటే ఆరు నెలల నిధికి నా వంతు 20,000 ఇస్తాను.

రేణిగుంట జంక్షన్
జూన్ 11, మధ్యాహ్నం 12:58

ఫొటోల విషయంలో వంద శాతం ఒప్పుకుంటాను. స్టేషన్ దగ్గర బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి పది ఫొటోలు తీసుకునే వాళ్ళను రోజూ చూస్తున్నా.

సత్యవేడు
జూన్ 11, సాయంత్రం 6:20

మేడమ్‌తో మాట్లాడాను. ఈ ఏడాది డబ్బు కేటాయింపు అయిపోయింది, వచ్చే ఏడాదికి దరఖాస్తు పెట్టమన్నారు. ట్రస్టుకు మూడేళ్ళు నడిపిన అనుభవం ఉంది కాబట్టి పరిశీలిస్తారట. కట్టడానికైతే సులభం, జీతాలకు కష్టం అన్నారు. నేను రాయలచెరువు గారు చెప్పినట్టు ప్రీస్కూల్, పోషకాహారం అని చెప్పాను. ఈలోపు మా లైన్‌లో పనిచేసే తొమ్మిది మందిమి తలా 500 ఇస్తాం.

ఇంకో సంగతి. మా పక్కన కొత్త షెడ్డు కడుతున్నారు, అక్కడ ఆడకూలీలే చాలా మంది, పిల్లలు ఇసుక కుప్పల మీదే ఉంటారు. దానికి చట్టం ఏమైనా ఉందా?

కొర్లగుంట టీచర్
జూన్ 11, రాత్రి 7:45

ఉంది. 50 మందికి మించి ఆడకూలీలు ఉన్న చోట ఆరేళ్ళ లోపు పిల్లలకు గది, చూసుకునే మనిషి కట్టించేవాళ్ళే పెట్టాలని 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టంలో ఉండేది, 2025 నవంబరులో దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది. అక్కడ చందా వసూలు చేయకండి, కార్మిక శాఖకు రాయండి. ఢిల్లీలో 1969లో కట్టడం పనుల దగ్గరే మొబైల్ క్రెషస్ అనే సంస్థ మొదలైంది. రాజ్‌ఘాట్‌లో గాంధీ శతజయంతి పనులు జరుగుతున్నప్పుడు కూలీల పిల్లలు దుమ్ములో పడి ఉండటం చూసి మీరా మహదేవన్ గారు ఒక గుడారంలో మొదలుపెట్టారు. ఆ సంస్థ ఇప్పటికీ ఉంది. మీ మేడమ్‌కి ఇది చెప్పండి.

మన కేంద్రానికి వచ్చే మూడేళ్ళ పిల్లల్ని మా అంగన్‌వాడీలో కూడా రాయిస్తాను. పప్పు, గుడ్డు అక్కడి నుంచి వస్తే మీ తిండి ఖర్చు కొంత తగ్గుతుంది. టీకాలకు ఏఎన్ఎం అక్కను నెలకోసారి తీసుకువస్తాను. శనివారం నుంచి ఇద్దరం కలిసి పిల్లల లెక్క మొదలుపెడదాం, ఎవరు వస్తారు? పొద్దున ఐదున్నరకు రావాలి, ఆ తర్వాత వాళ్ళు చెదిరిపోతారు.

రేణిగుంట జంక్షన్
జూన్ 11, రాత్రి 8:03

స్టేషన్ వైపు నేను వస్తాను టీచర్ గారూ.

లీలామహల్ సర్కిల్
జూన్ 12, రాత్రి 11:05

ఇప్పటివరకు లెక్క. నెలనెలా ఇస్తామన్నవాళ్ళు: మా స్నేహితులు పది మంది, శ్రీసిటీ తొమ్మిది మంది, రేణిగుంట అన్న, రాయలచెరువు గారు, కొర్లగుంట టీచర్ గారు, విడిగా నాకు మెసేజ్ పెట్టిన ఆరుగురు. మొత్తం 28 మంది, 14,000. చంద్రగిరి అక్క 5,000 కలిపితే 19,000. ఇద్దరు ఆయమ్మలకు ఇంకా 3,000 తక్కువ. ఆరు నెలల నిధికి పులిచెర్ల గారి 20,000, మా షాపు ఓనర్ 10,000 వచ్చాయి. ఇంకా 1,02,000 కావాలి. ఈ రెండూ నిండిన తర్వాతే తెరుస్తాం, కోనేటి గట్టు గారు పెట్టిన షరతు అందరికీ సమ్మతమే.

పూలామెతో ఈ రోజు చెప్పాను, ఆగస్టు దాకా పట్టొచ్చు అని. తలుపు మూయడానికి డబ్బు ముందే దాచి పెడుతున్నామా అని అడిగింది. మూయకుండా ఉండటానికి అని చెప్పాను. సరే అని, పాపకు కట్టిన ముడి ఒకసారి చూసుకుని, పూలు కట్టుకోవడంలో పడిపోయింది.

జీవకోన అమ్మాయి
జూన్ 13, ఉదయం 6:48

అమ్మకు నిన్నటి లెక్క చదివి వినిపించాను. జీతం 11,000 ఐదో తేదీకి పడుతుందంటే లాడ్జి మానేసి వస్తానంది. మొదటి నెల జీతంలో 500 నిధికి వేయమంది, ఆమె పేరు కూడా రాసుకోండి. రేడియో ఇంకా మా ఇంట్లోనే ఉంది.